పరిశోధకుని విలువ - వ్యాసముల లెక్క

శరత్కాలము సమీపించుసరికి ప్రతివత్సరము మన పత్రికలలో ఒక వార్త కనబడుట పరిపాటి యైనది. ప్రపంచ శాస్త్రజ్ఞులలో అగ్రశ్రేణికి చెందిన రెండు శాతము వారి పట్టిక వెలువడినదనియు, అందు ఫలాని విశ్వవిద్యాలయమునకు చెందిన ఇందఱు ఆచార్యులకు స్థానము లభించినదనియు, ఉపకులపతిగారు వారిని శాలువలతో సన్మానించిరనియు ఆ వార్త తెలుపును. ఈ పట్టికను జనులు స్టాన్‌ఫర్డు పట్టిక యందురు. అమెరికాయందలి ఆ విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన జాన్ అయొనిడిస్ పండితుడును ఆయన సహచరులును 2019లో ప్రకటించిన పద్ధతిని బట్టి, ఎల్సెవియర్ ప్రచురణసంస్థవారి స్కోపస్ భాండారమునందలి లెక్కలతో ఇది కూర్పబడుచున్నది. సన్మానములను మేము ఆక్షేపింపము. ఆ పట్టిక కెక్కినవారిలో నిజమైన విద్వాంసులు గలరు. పట్టిక కూర్చినవారును, ఎవరి వ్యాసమును వారే పేర్కొనుకొనుటవలన పెరిగిన సంఖ్యను విడదీసి చూపుట మున్నగు జాగ్రత్తలు కొన్ని తీసికొనియే యున్నారు. కాని శాలువలు కప్పిన పెద్దలలో ఎందఱు ఆ ఆచార్యుల వ్యాసములలో ఒక్కదానినైనను చదివి యుందురు? వైద్యశాస్త్రమునందు పరిశోధకుని విలువ కట్టుటలో పొరపాటు జరిగినచో దాని ఫలము ననుభవించువాడు రోగి. కావున ఈ లెక్క యెట్టిదో మన మొకింత విచారింపవలసి యున్నది.

పరిశోధకుడు వ్యాసము వ్రాయునపుడు తాను ఆధారముగా గొన్న పూర్వుల వ్యాసములను అందు పేర్కొనును. ఇట్లు పేర్కొనుటను ఉల్లేఖన మందము. ఏ వ్యాసమును ఎవరెవరు ఉల్లేఖించిరో తెలుపు సూచిక యొకటి యుండిన మేలని ఫిలడెల్ఫియా నగరమున నుండిన యూజిన్ గార్ఫీల్డు 1955లో సైన్స్ పత్రికయందు ప్రతిపాదించి, 1964లో అట్టి సూచికను ప్రకటింప నారంభించెను. ఆతని ఆశయము మంచిది. ఒక భావము ఎవరినుండి ఎవరికి సంక్రమించినదో తెలియవలెననియు, ఇతరులచే ఖండింపబడిన వ్యాసమును నమ్మి విద్వాంసులు మోసపోకుండవలెననియు ఆతడు కోరెను. గ్రంథాలయమున వెదకువానికి దారి చూపుటకు పుట్టిన ఆ సూచిక క్రమముగా ఉద్యోగములను తూచు త్రాసు అయినది. 1975 నుండి శాస్త్రపత్రికలకును అంకెలు కట్టి, గత రెండు సంవత్సరముల వ్యాసములు సగటున ఎన్నిసారులు ఉల్లేఖింపబడినవో లెక్కించి, అదియే ఆ పత్రిక ప్రభావమని ప్రకటించుచు వచ్చిరి. 2005లో హోర్హె హిర్ష్ అను భౌతికశాస్త్రజ్ఞుడు మనుష్యునికే ఒక అంకె కల్పించెను. పదేసిసారులకు తక్కువ గాకుండ ఉల్లేఖింపబడిన వ్యాసములు పది యున్నవాని అంకె పది; ఇరువదేసిసారులకు తక్కువ గానివి ఇరువది యున్న ఇరువది. ఒక్క అంకెలో ఒక జీవితము! నియామకసంఘములవారికి ఇంతకంటె సుఖమైన సాధన మేమున్నది?

త్రాసు సరియైనదో కాదో తెలియుటకు బరువు తెలిసిన వస్తువును అందుంచి చూతురు. అట్టి వస్తువు తెలుగువారికి ఇంటనే యున్నది. భీమవరమున 1895 జనవరి 12వ తేదీన జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు మా పాఠకులలో వినని వారుండరు. ఆయన మెట్రిక్యులేషను పరీక్షలో మూడవ ప్రయత్నమున గాని ఉత్తీర్ణులు కాలేదు. మద్రాసు వైద్యకళాశాలలో చదువుచు, గాంధీమహాత్ముని పిలుపు ననుసరించి శస్త్రచికిత్సాశాలలో ఖద్దరు అంగీ ధరించినందుకు తెల్ల ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రముతో తృప్తిపడవలసి వచ్చెను. 1922లో ఆయన బోస్టను చేరునాటికి, నేటి అంకెలలో ఏ అంకె కట్టినను ఆయనకు శూన్యమే వచ్చును.

అచ్చట హార్వర్డులో సైరస్ ఫిస్కేగారితో కలిసి ఆయన చేసిన మొదటి ఘనకార్యము 1925లో జీవరసాయనపత్రికయందు వెలువడినది. రక్తమూత్రాదులయందు భాస్వర మెంత గలదో తెలియుటకు దానికి మాలిబ్డేటును చేర్చి నీలవర్ణము పుట్టించి, ఆ నీలిరంగు గాఢతను బట్టి పరిమాణము నిర్ణయించుట ఆ పద్ధతి. సులభము, శీఘ్రము, నమ్మదగినది. ప్రపంచమున భాస్వరమును కొలువవలసి వచ్చిన ప్రతి ప్రయోగశాలయు దానిని గైకొనెను. ఆ వ్యాసము పదివేలకు మించిన పర్యాయములు ఉల్లేఖింపబడినది. ఇంతవరకు త్రాసు బాగుగనే పనిచేసినట్లున్నది.

ఇక ముందునకు పోదము. ఆ పద్ధతితోనే కండరమును శోధింపగా, అందు అంతకుముందెవ్వరు నెఱుగని ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థము కలదని ఫిస్కే, సుబ్బారావుగార్లు 1927లో వెల్లడించిరి. 1929లో ఏ.టి.పి. అని మనము పిలుచు పదార్థమును వారును, జర్మనీలో కార్ల్ లోమాన్ అను నాతడును వేర్వేరుగా కనుగొనిరి. కండరసంకోచమునకు మూలము లాక్టికామ్లమను సిద్ధాంతమునకు అనుకూలమైన పరిశోధనలకు 1922వ సంవత్సరపు నోబెలు బహుమానమే లభించి యుండగా, ఆ సిద్ధాంతమును కదలించినవి ఈ పరిశోధనలు. ప్రాణి కోటిలో శక్తి యెట్లు వ్యయమగునో తెలుపు శాస్త్రమంతయు నేడు ఏ.టి.పి. చుట్టు తిరుగుచున్నది. ఇంటర్మీడియేటు చదువు పిల్లవాని పాఠమునను అది కలదు. కాని దానినిగూర్చి నేడు వ్రాయు పరిశోధకులలో 1929 నాటి వ్యాసమును పేర్కొనువా రెందఱు? చాల కొద్దిమంది. పేర్కొనవలసిన పనియే లేదు. అది అందఱి సొత్తైనది. మహాసత్యము పాఠ్యపుస్తకములలో కలిసిపోయి, దాని కర్తను పేర్కొనుటయే మానుకొందురని రాబర్ట్ మెర్టన్ అను సమాజశాస్త్రజ్ఞుడు వెనుకనే గుర్తించి యున్నాడు. కొలుచు ఉపాయమునకు వేలకొలది ఉల్లేఖనములు, ఆ ఉపాయమువలన తెలిసిన జీవరహస్యమునకు మౌనము! ఈ త్రాసు బరువైన వస్తువును తేలికగా చూపుటకు ఇది మొదటి నిదర్శనము.

హార్వర్డులో ఆయనకు శాశ్వతోద్యోగము లభింపలేదు. ఆ ప్రయోగశాలయందే శిష్యరికము చేసి, తరువాత 1988లో నోబెలు బహుమానము పొందిన జార్జి హిచింగ్సుగారు, సుబ్బారావుగారు వేరుచేసిన పదార్థములలో కొన్ని ప్రకటింపబడక నిలిచిపోయి, అనంతరము ఇతరులచే మరల కనుగొనబడవలసి వచ్చినవనియు, అందులకు ఫిస్కేగారి అసూయయే కారణముగ తోచుచున్నదనియు చెప్పి యున్నారు. ఇందలి న్యాయాన్యాయములు తీర్చుట కిపుడు సాక్షులు లేరు. కాని ఒక్కటి స్పష్టము. అచ్చుకాని పనికి ఏ సూచికలోను పద్దు లేదు.

1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రమందలి పెర్ల్ రివరులోని లెడర్లె ప్రయోగశాలలకు పోయిరి. అచ్చట ఆయన నడిపిన బృందము 1945లో ఫోలికామ్లమును కృత్రిమముగా నిర్మించినది. ఆయన సోదరుని బలిగొన్న స్ప్రూ వ్యాధివలన కలుగు పాండురోగమునకు అది ఔషధమైనది. నేడు మన గ్రామములలో గర్భిణులకు ఇనుముతో చేర్చి పంచిపెట్టు మాత్రలలో నున్నది ఈ ఫోలికామ్లమే. దాని నిర్మాణమును తెలిపిన వ్యాసమునకు కర్తలు పదిమందికి మించిరి. బృందనాయకుని పేరు వరుస నడుమ ఎచ్చటనో పడినది. తన పేరు ముందుండవలెనని ఆయన పట్టుబట్టినట్లు కనబడదు.

ఆ ఫోలికామ్లమునకే కొంచెము మార్పుచేసి, దానికి విరోధియైన అమినాప్టెరినును ఆ ప్రయోగశాలలో తయారుచేసిరి. బోస్టను నగరమున సిడ్నీ ఫార్బరు వైద్యుడు దానిని రక్తార్బుదముతో మరణోన్ముఖులైన శిశువుల కిచ్చి చూచెను. పదునారుగురిలో పదిమందికి, తాత్కాలికముగనే యైనను, వ్యాధి వెనుకకు తగ్గినదని 1948 జూనులో ఆతడు ప్రకటించెను. అర్బుదమునకు ఔషధచికిత్స అను మార్గమున అదియొక తొలి మైలురాయి. ఆ మందునకు సోదరి యైన మెథోట్రెక్సేటు నేటికిని రక్తార్బుదమునకును కీళ్లవాతమునకును వాడబడుచున్నది. ఫార్బరుగారి ఆ వ్యాసము సుప్రసిద్ధము, బహుధా ఉల్లేఖితము. దాని కర్తలలో సుబ్బారావుగారి పేరు లేదు. ఉండవలసిన నియమమును లేదు, ఏలయన రోగులను చూచినది ఆయన కాదు. రెండు నెలలకు, ఆగస్టులో, ఏబదిమూడేండ్ల ప్రాయమున ఆయన కాలధర్మము నొందిరి.

ఇంకొక సంగతి కలదు. మన జిల్లాల వారికి మిక్కిలి దగ్గఱిది. బోదకాలు వ్యాధి కోస్తా మండలముల పేదజనులను తరతరములుగా కుంటివారిని చేసిన విషయము వేఱుగ చెప్పనక్కఱలేదు. దాని క్రిములను చంపు హెట్రజాను అను ఔషధమును, అనగా నేటి డి.ఇ.సి. మాత్రను, లెడర్లెలో ఆయన బృందమే పరీక్షించి 1947లో ప్రకటించెను. 2004 నుండి మన దేశమున ఆ వ్యాధిగల జిల్లాలలో ఇంటింటికి వచ్చి మ్రింగించుచున్న మాత్ర అదియే. కోట్లమంది దానిని మ్రింగిరి. దానినిగూర్చిన వ్యాసములకు వచ్చిన ఉల్లేఖనములను ధనిక దేశముల వ్యాధులపై వచ్చు వ్యాసముల సరసన నుంచి చూచిన ఎంత? ఉల్లేఖించువాడు రోగి కాదు, పరిశోధకుడు. ఏ వ్యాధిపై పరిశోధకు లెక్కువయో ఆ వ్యాధిపై ఉల్లేఖనము లెక్కువ; రోగు లెక్కువైనందున అవి పెరుగవు. పేదల వ్యాధిని ఎంచుకొన్న వైద్యుడు లెక్కలో మొదటినుండియు వెనుకబడియే యుండును. మన దేశమున ఇట్టి త్రాసుతో తూచి ఉద్యోగములిచ్చుట యనగా, మా వ్యాధులను వదలి ఇతరుల వ్యాధులను చూడుడని మన యువవైద్యులకు ఉపదేశించుటయే.

ఉల్లేఖనము మెచ్చుకోలు అనుకొనుటయు భ్రమయే. టీకాలవలన పిల్లలకు ఆటిజం వచ్చునని సూచించుచు ఆండ్రూ వేక్‌ఫీల్డు 1998లో లాన్సెట్ పత్రికయందు పండ్రెండుగురు పిల్లలనుగూర్చి వ్రాసిన వ్యాసము 2010లో ఆ పత్రికచేతనే ఉపసంహరింపబడినది. ఆ వ్యాసమునకు ఉల్లేఖనములు విశేషముగ నున్నవి. పేర్కొన్నవారిలో పెక్కుమంది ఖండించుటకే పేర్కొనిరి. కాని తిట్టిన నోటిని, పొగడిన నోటిని అంకె ఒక్కతీరుగ లెక్కించును.

ఇదంతయు గతించిన మహనీయుల కథ, మాకేల యని పాఠకు లనవచ్చును. వినుడు. వైద్యకళాశాలలలో పదోన్నతికి ప్రచురితవ్యాసము లుండవలెనను నియమమును నాటి మెడికల్ కౌన్సిలువారు 2015లో వివరించుచు, కర్తల వరుసలో మొదటి రెండు స్థానములవారికే ఆ వ్యాసము చెల్లునని యుత్తర్వు చేసిరి. తరువాత 2020లో దానిని సడలించి మొదటి మూడు స్థానములకు పొడిగించిరి. ఈ కొలబద్ద యొద్ద సుబ్బారావుగారిని నిలువబెట్టుదము. 1925 నాటి భాస్వరపద్ధతి చెల్లును. ఆయనది రెండవ పేరు. ఫోలికామ్లము చెల్లదు. అమినాప్టెరినుతో శిశువులకు చేసిన చికిత్స చెల్లదు. సహాయాచార్యపదవిలోనున్న యువకుడు ఇట్టి నియమమును చూచి ఏమి చేయును? పదిమందితో కలిసి ఐదేండ్లు శ్రమించి ఒక మందును కనుగొనుటకంటె, తన పేరు ముందుండు నాలుగు చిన్న వ్యాసములు వ్రాసికొనుట యుక్తమని తలచును. వాని నెట్లు తప్పుపట్టుదుము?

మాకు ఎదురుచెప్పువారి వాదమునందు సత్యము లేకపోలేదు. అంకెలు తీసివేసినచో ఏమి మిగులును? సిఫారసు, బంధుత్వము, కులము, మంత్రిగారి చీటి. గుడ్డిదైనను అంకెకు బావమఱది లేడని వారనుచున్నారు. మన కళాశాలల నియామకముల చరిత్ర నెఱిగినవారు ఈ మాటను తేలికగా త్రోసివేయజాలరు, మేమును త్రోసివేయము. గ్రామాంతరమునుండి వచ్చిన, పలుకుబడి లేని పిల్లవాడు తన వ్యాసముల పట్టికను చూపి న్యాయమడుగగలుగుట యొక మేలే.

అయితే ఆ అంకెకు బావమఱది లేకున్నను వెల కలదు. డబ్బు గైకొని, విమర్శకు లెవ్వరును చదువకుండనే వ్యాసములను అచ్చువేయు పత్రికలు పుట్టగొడుగులవలె లేచినవి. ఇందు మన హైదరాబాదునకు అపఖ్యాతి వచ్చినదని చెప్పుటకు సిగ్గగుచున్నది. అచ్చటినుండి నడచుచుండిన ఒక ప్రచురణసంస్థపై అమెరికా సమాఖ్య వాణిజ్యసంఘమువారు 2016లో వ్యాజ్యము వేసి, పండితవిమర్శ జరుగుచున్నదని చెప్పి రచయితలను మోసగించినదని ఆరోపింపగా, న్యాయస్థానము 2019లో అయిదు కోట్ల డాలర్లకు మించిన సొమ్ము చెల్లింపుమని తీర్పుచేసినది. కొనువారు లేనిదే అంగడి యుండదు. ఆ కొనువారిని తయారుచేసినవి మన నియమములే. విశ్వవిద్యాలయ ధనసంఘమువారు 2010లో అధ్యాపకులకు గుణసూచికాంకములు కట్టిరి. డాక్టరేటు విద్యార్థి వ్యాసము అచ్చువేసి తీరవలెననిరి. ఈ రెండవ నియమమును 2022లో తామే విడనాడిరి. చీనా ప్రభుత్వము సహా వ్యాసమున కింత యని నగదు బహుమతు లిచ్చు ఆచారమును 2020లో నిషేధించినది. పరిశోధకుని విలువను పత్రిక అంకెను బట్టి కట్టరాదని శాన్‌ఫ్రాన్సిస్కోలో 2012లో సమావేశమైన పండితులు ఒక ప్రకటన సిద్ధపఱుపగా, అటుపిమ్మట పెక్కు దేశముల సంస్థలు దానిపై సంతకములు చేసినవి. పశ్చిమమున పుట్టిన త్రాసును పశ్చిమమువారే సందేహించుచుండగా మనము దానికి గంధాక్షతలు పెట్టి పూజించుచున్నాము.

ఇందు వినోదముగా చూడదగిన దేదియు లేదు. భౌతికశాస్త్రమున కపటవ్యాసము వచ్చినచో కొందఱు పండితుల కాలము వ్యర్థమగును. వైద్యమున వచ్చినచో, దానిని ఇతర వ్యాసములతో కలిపి సగటు తీసి, ఈ మందు ఇంత మోతాదున ఇమ్మని మార్గదర్శకములు వ్రాయుదురు. ఆ మార్గదర్శకములు తాలూకా ఆసుపత్రి వైద్యుని బల్లమీదికి వచ్చును.

ఈ సంగతి నిపుడు ప్రస్తావించుటకు కారణము కలదు. తెలంగాణమున 2022లోను 2023లోను, ఆంధ్రప్రదేశమున 2023లోను క్రొత్త ప్రభుత్వ వైద్యకళాశాలలు పెక్కు తెఱవబడినవి. వానికి ఆచార్యులు కావలయును. ఇప్పుడు కూర్చుండు ఆచార్యులు ఇరువది ముప్పదియేండ్లు వైద్యులను తయారుచేయుదురు. రెండు ప్రభుత్వములును, రెండు రాష్ట్రముల ఆరోగ్యవిశ్వవిద్యాలయములును ఒక్క పని చేయవలెనని మేము గట్టిగ కోరుచున్నాము. అభ్యర్థి తన వ్యాసములలో మిక్కిలి మంచివని తలచిన అయిదింటిని మాత్రమే సమర్పింపవలయును. ఆ అయిదింటిలో తాను చేసిన పని ఏదో, ఇతరులది ఏదో స్వహస్తముతో వ్రాయవలయును. నియామకసంఘమున వేఱు రాష్ట్రమునుండి వచ్చిన ఇరువురు పండితులైనను ఉండి, ఆ వ్యాసములను చదివి, ఎన్నుకొన్నందుకును త్రోసివేసినందుకును కారణములను వ్రాతమూలకముగ నీయవలయును. ఆ కారణములు బహిరంగముగ ప్రకటింపబడవలయును. సిఫారసును అరికట్టుటకు అంకెకంటె ఈ వెలుతురు ఎక్కువ పనికివచ్చునని మా నమ్మకము. ఉల్లేఖనముల సంఖ్యను చూడవలదని మే మనము. చూచి, అది ఎందులకు పెరిగినదో, ఎందులకు పెరుగలేదో అడుగుడని యనుచున్నాము.

మా పాఠకులలో విద్యార్థులకు వేతనము లిచ్చు ధర్మసంస్థలను నడుపువారును, తమ బిడ్డలను వైద్యపరిశోధనకు పంపువారును గలరు. డబ్బు చెల్లించి అచ్చువేయించుకొన్న వ్యాసమును బిడ్డ చూపినపుడు సంతోషింపక, దీనిని చదివి విమర్శించిన దెవరని అడుగుటకు వారికి సంపూర్ణాధికారము కలదు. 1922లో సుబ్బారావుగారు ఓడ యెక్కుటకు మామగారు కూర్చిన ధనమును, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకరుగారి ధర్మసంస్థవారు చేసిన వాగ్దానమును తోడ్పడినవి. ఆ సంస్థ పెద్దలముందు నాడు నిలిచినవాడు రెండుసారులు పరీక్ష తప్పి, కోరిన పట్టము దొరకక, చేతిలో ఒక్క వ్యాసమైనను లేని ఇరువదియేడేండ్ల యువకుడు.